నిపుణుడి దాహం

"ఏమే, ఈపూరుపాలెం రోశయ్యకి పడుగు ఎప్పుడిచ్చాం?"

ముందుగదిలోంచి కేక వచ్చేసరికి నాంచారమ్మ వంటింట్లో గోంగూర ఆకు తుంచుతోంది. తల ఎత్తలేదు, చేయి ఆపలేదు. "పోయిన శనివారం. ఆవపువ్వు రంగు, మెరూన్ అంచు. ఇంకా మగ్గానికి అతకలేదు, వాళ్ళావిడ రమణమ్మకి వేలు తెగింది" అంది. అవతల నుంచి ఊఁ అన్న చప్పుడైనా రాలేదు. జవాబు అందింది, ఆయన పని సాగిపోయింది.

చీరాలలో పానకాలుగారంటే నూట పన్నెండు మగ్గాల సావుకారు. పడుగుకీ పేకకీ నూలిచ్చి, రంగు చెప్పి, చుట్టుపక్కల పల్లెల్లో చీరలు నేయించి ఊళ్ళకు పంపే మనిషి. పానకాలుగారి బుర్రే బుర్ర అని బజారంతా మెచ్చుకునేది. ఏ మగ్గం మీద ఏ పడుగు ఉందో, అందులో ఎన్ని చీరలు దిగాయో, వానలకి ఎవరి ఇంట్లో గుంట మగ్గంలోకి ఊట నీళ్ళొస్తాయో పుస్తకం చూడకుండా చెబుతాడని. ఆ బుర్రకీ ఆ నోటికీ మధ్య ఒక వంటిల్లు ఉందని బజారుకి తెలియదు.

అదెట్లాగంటే, నేతగాళ్ళు ముందు వసారాలో నిలబడి "రెండు రోజుల్లో దించేస్తానండీ" అని సావుకారుకి మాటిచ్చి పోయేవాళ్ళు. నిజం మాత్రం పెరటి గుమ్మం దగ్గరికి వచ్చేది. మజ్జిగ కోసమనో, కరివేపాకు కోసమనో వాళ్ళ ఆడవాళ్ళు వచ్చి గడప మీద కూలబడితే నాంచారమ్మ అడిగేది, వాళ్ళు చెప్పేవాళ్ళు. ఎవరి కోడలు పురిటికి పోయింది, ఎవరి ఇంట్లో గంజి సరిగ్గా పట్టలేదు, ఏ రంగులవాడి నలుపు తడిస్తే కారిపోతోంది. రెండో తరగతితో బడి మానేసిన మనిషి ఆమె. పేరు రాయడం వచ్చు. మిగతాదంతా చెవిలో పడి, అక్కడే పాతుకుపోయేది. అత్తగారు బతికున్న రోజుల్లో వచ్చినవాళ్ళందరితో అనేది, "మా కోడలికి పనీ రాదు, పాటా రాదు. ఒక్క మరుపు కూడా రాదు, అదొక్కటే మెచ్చుకోవాలి" అని. అది మెప్పో దెప్పో తేల్చుకోలేక నాంచారమ్మ పదేళ్ళు అవస్థ పడింది.

పానకాలుగారు నలుగురిలో కూర్చున్నప్పుడు, "ఒక్క మగ్గంతో మొదలుపెట్టాను, ఒక్కణ్ణే" అనేవాడు. ఆ ఒక్క మగ్గానికి ఏడేళ్ళపాటు పేక నూలు కండెలు చుట్టింది ఎవరని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. రాట్నం తిప్పి తిప్పి ఆమె కుడి భుజం ఎడమదానికంటే అర అంగుళం కిందికి దిగింది. జాకెట్టు కుట్టే మీరా హుస్సేన్ తప్ప ఇంకెవరూ అది గమనించలేదు.

ఇంత జరిగినా ఆమెకి ఆ ప్రశ్నలంటే ఎంత ఇష్టమో! నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, అది నిజం. కూతురు పెళ్ళయి నెల్లూరు వెళ్ళిపోయాక ఆ ఇంట్లో మిగిలింది ఇద్దరే. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఆయన ఆమెతో మాట్లాడే మాటలన్నీ ప్రశ్నలే. జాండ్రపేటలో ఏమైంది? ఆ పచ్చరంగు ఎవరి దగ్గరుంది? వేటపాలెం వాడికి ఇంకో పడుగివ్వచ్చా? "ఒంట్లో ఎలా ఉంది" లేదు, "నువ్వు తిన్నావా" లేదు. పక్కింటావిడ "మా ఆయన ఇట్లా అన్నాడు, అట్లా అన్నాడు" అని చెబుతుంటే నాంచారమ్మ మనసులో అనుకునేది, మా ఆయన నన్ను అడిగాడు అని. నూట పన్నెండు మగ్గాలూ తన గొంతు కోసం ఆగి ఉన్నాయన్నంత గర్వం ఒకటి, కొంగు కింద దాచుకున్న బెల్లంముక్కలా ఉండేది ఆమెకి.

అట్లాంటి ఇంట్లోకి, ఎనభై ఎనిమిదిలో, కంప్యూటర్ వచ్చింది.

గుంటూరులో వ్యాపారస్తుల మీటింగ్ ఒకటి జరిగితే పానకాలుగారు వెళ్ళి, కళ్ళు మెరిపించుకుంటూ తిరిగొచ్చాడు. వెనకాలే జయరావు దిగాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, కంప్యూటర్లకు పని నేర్పడమే అతని పని. రోజూ పొద్దున గుంటూరు నుంచి రైల్లో వచ్చి, సాయంత్రం వెళ్ళేవాడు. నాంచారమ్మ రాట్నం ఉండే చిన్నగదిని ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, ఏసీ పెట్టించారు. "దుమ్ము పడకూడదు, నూనె చేతులతో ఎవరూ లోపలికి రాకూడదు" అని పానకాలుగారు ఇంట్లో ప్రకటించాడు. నూనె చేతులు ఆ ఇంట్లో ఒక్కరివే.

మొదటిరోజు భోజనాల దగ్గర జయరావు వివరంగా చెప్పాడు. "వ్యాపారంలో ఇవి ఒక్క రకం కాదండీ, మెట్లు మెట్లుగా ఉంటాయి. అన్నిటికంటే కింద, రోజూ జరిగేది జరిగినట్టు ఎక్కించుకునేది. పడుగు పోయింది, చీర వచ్చింది, అంతే. దాని మీద మేనేజర్‌కి రిపోర్ట్ ఇచ్చేది. ఈ వారం ఎన్ని వచ్చాయి, ఎవరు వెనకబడ్డారు అని పోగుచేసి చూపిస్తుంది. ఆపైన ఇంకోటి. ఈ రంగు ఆపి ఆ రంగు వేస్తే ఏమవుతుంది, ఈ ఆర్డర్ ఒప్పుకుంటే గడువుకి అందుతుందా అని లెక్కకట్టి సలహా చెబుతుంది. ఇప్పుడు కొత్తగా వచ్చింది అన్నిటికంటే గొప్పది. ఆ పనిలో పండిపోయిన నిపుణుడి బుర్రలో ఉన్నదంతా ప్రశ్నలడిగి రాబట్టి, మెషీన్‌లో దాచడం. రేపు ఆ మనిషి ఊళ్ళో లేకపోయినా మెషీన్ ఆయనలాగే ఆలోచిస్తుంది."

చారు వడ్డిస్తున్న నాంచారమ్మ చేయి గరిటెతో సహా గాల్లో ఆగింది. పొద్దున పెరటి గుమ్మం దగ్గర తను విన్నది ఆ కింది మెట్టు. మధ్యాహ్నం వడ్డిస్తూ జాండ్రపేట ఈ వారం వెనకబడిందని చెప్పేది ఆ పైది. పోయిన ఏడు ఆకుపచ్చ తగ్గించి వంకాయరంగు పెంచండి అన్నదీ, వద్దువద్దంటూనే ఆయన పెంచిందీ మూడోది. ఇన్నాళ్ళూ తను చేసేది సంసారం అనుకుంది. దానికి గుంటూరులో పెద్ద పెద్ద పేర్లున్నాయని, ఆ పేర్ల మీద మీటింగులు జరుగుతాయని ఆ పూటే తెలిసింది.

"నిపుణుడు ఎవరంటే మీరేనండీ" అన్నాడు జయరావు. పానకాలుగారు మీసం సవరించుకుని, "చారు పొయ్యి, చూస్తావేం" అన్నాడు.

మర్నాటి నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి.

"ఫలానా మగ్గం ఆలస్యమవుతుందని మీకు ముందే ఎలా తెలుస్తుందండీ?"

పానకాలుగారు గొంతు సవరించుకున్నాడు. "ఎలా అంటే... తెలిసిపోద్దంతే. ఉండండి, మంచినీళ్ళు తాగొస్తా." వంటింట్లోకి వచ్చి, గొంతు తగ్గించి, "ఏమే, మగ్గం లేటవుద్దని ముందే ఎట్టా తెలుస్తది?"

"పెరటి గుమ్మానికి మూడు రోజులు రాకపోతే తెలుస్తది. మాట తప్పుతున్నప్పుడు మొహం చూపించరు."

ఆయన వెళ్ళి అదే చెప్పాడు, పెరటి గుమ్మం తీసేసి. జయరావు రాసుకున్నాడు. "మరి ఒకే నూలు, ఒకే రంగు అయినా ఒకరి చీర గట్టిగా, ఒకరిది పల్చగా ఎందుకొస్తుందండీ?" పానకాలుగారికి మళ్ళీ దాహం వేసింది.

అలా రోజుకి ముప్ఫైసార్లు. తొమ్మిదో రోజున జయరావు ఇక ఉండబట్టలేక, "ఏమీ అనుకోవద్దు పానకాలుగారూ, మా మావయ్యకీ ఇట్టాగే నాలుక ఎండిపోయేది. ఒక్కసారి షుగర్ పరీక్ష చేయించుకోండి" అన్నాడు. వంటింటి తెర ఇవతల నాంచారమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన లోపలికొచ్చి, "ఏందే ఆ నవ్వు?" అని గద్దించబోయి, ఆమె మొహం చూసి తనూ నవ్వేశాడు. ఇద్దరూ నీళ్ళబిందె దగ్గర నిలబడి, చప్పుడు కాకుండా, భుజాలు అదిరేలా నవ్వారు. ఇరవై మూడేళ్ళ కాపురంలో అలా నవ్వుకోవడం అదొక్కసారే. చాలారోజులపాటు గిన్నెలు తోముతూ నాంచారమ్మ ఆ నవ్వుని బయటికి తీసి చూసుకునేది.

జయరావుకి తెలియక కాదు. ఒకరోజు పెరట్లో చేతులు కడుక్కుంటూ, "పచ్చడి బాగుందమ్మా. ఇందాకటి జవాబు ఇంకా బాగుంది" అన్నాడు. "పేరు ఎవరిది వేయాలో నా చేతిలో లేదమ్మా" అని తువ్వాలు దండెం మీద వేసి వెళ్ళిపోయాడు.

ఒక్క సంగతి మాత్రం ఆయన అడగకుండానే నాంచారమ్మ చెప్పింది. "నేతగాడి పేరొక్కటే వేస్తే చాలదండీ. ప్రతి మగ్గానికీ కండెలు చుట్టే ఆడమనిషి పేరు కూడా వేయించండి. ఆమె చేయి ఆడితేనే మగ్గం ఆడుద్ది. ఆమె లేకపోతే అతను కాళ్ళు గుంటలో పెట్టుకుని కూర్చోవాల్సిందే." పానకాలుగారు ముందుగదిలోకి వెళ్ళి, దాన్నొక ముచ్చటలా చెప్పి నవ్వాడు. "ఇంకో గడి పెట్టొచ్చండీ, కష్టమేం కాదు" అన్నాడు జయరావు. "ఎందుకండీ? మగ్గం మగాడిది. నా లిస్టులో ఆడవాళ్ళ పేర్లు వేస్తే బజారు నవ్వుద్ది" అన్న మాట తెర దాటి వినిపించింది.

ఇరవై రోజులకి పని ముగిసింది. మెషీన్ పెద్ద చప్పుడుతో కాగితం కక్కింది. దానిమీద పైన, నిపుణుడు శ్రీ పానకాలుగారు అని ఉందట, జయరావు చదివి వినిపించాడు.

ఆ మర్నాడు ఇల్లు నిశ్శబ్దమైపోయింది.

నాంచారమ్మకి మొదట అర్థం కాలేదు. పప్పులో పోపు పెట్టి, ఒక చెవి ముందుగది వైపు పారేసి ఉంచింది. కేక రాలేదు. గదిలో ఏసీ హోరు, మీటలు నొక్కే టకటక. భోజనానికి పిలిస్తే వచ్చాడు, తిన్నాడు, లేచాడు. రెండు రోజులు, నాలుగు రోజులు, వారం. ఆగలేక ఒక మధ్యాహ్నం తనే మొదలుపెట్టింది, "జాండ్రపేటలో మగ్గానికి కొత్త అచ్చు..." అని. "అదంతా మెషీన్‌లో ఉందిలే" అన్నాడు, కసిరినట్టు కూడా కాదు, మామూలుగా. కసిరినా బాగుండేది. పెరటి గుమ్మానికి ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారు, చెబుతూనే ఉన్నారు. విన్నది అప్పగించే చోటు లేదు. తలలో అరలన్నీ నిండి, మూతలు పడక, నిద్రలేచేసరికి ఎవరి పడుగో ఎవరి పురుడో కలగలిసిపోయి ఉండేవి. తన గొంతు తనే విని ఎన్నాళ్ళయిందో అనిపించి ఒకసారి ఖాళీ వంటింట్లో "ఆవపువ్వు రంగు, మెరూన్ అంచు" అని పైకి అంది. గోడలు విన్నాయి. సిగ్గేసి పొయ్యి పెద్దది చేసింది.

అప్పుడే ఒకరోజు రమణమ్మ వచ్చి గడప మీద కూర్చుంది. పడుగు సంగతి అడగబోయి నాంచారమ్మ ఆగింది. అడిగి ఎవరికి చెప్పాలి? ఊరికే, "వేలు ఎట్టా ఉంది?" అంది.

రమణమ్మ నోరు తెరుచుకుని చూసింది. "అదేందమ్మా! వేలు తెగి రెండు నెలలవుతుంటే ఇప్పుడా? తెగిననాడు 'పడుగెప్పుడు అతుకుతావే' అన్నారు గానీ వేలు మాటే ఎత్తలా."

నవ్వుతూనే అంది పాపం. నాంచారమ్మకి మాత్రం అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ ఆయన తన గుమ్మం దగ్గర ఎట్లా నిలబడ్డాడో, తనూ ఈ గడప దగ్గర అట్లాగే కూర్చుందన్నమాట. ఆ రోజు రమణమ్మకి కాఫీ ఇచ్చింది. రమణమ్మ తాగుతూ చెప్పుకొచ్చింది. "ఇంకో పది రోజుల్లో పొగాకు కంపెనీ తెరుస్తారమ్మా, ఆకు ఏరే గ్రేడింగుకి పోతాం. ఆకు దుమ్ముకి దగ్గొస్తది, కళ్ళు మండుతయి. అయినా శనివారం నా పేరు పిలిచి, నా చేతిలోనే పెడతారు. ఇక్కడ ఏడాదంతా చుట్టినా కూలి మా ఆయన చేతికేగా."

సరిగ్గా ఆ వారమే విజయవాడ నుంచి పెద్ద కొట్టు తరఫున అలీ సాహెబ్ అనే ఆయన వచ్చాడు. వైశాఖం పెళ్ళిళ్ళలోపు నాలుగువందల చీరలు, ఒకే అంచు, గడువు దాటకూడదు. పానకాలుగారు ఆయన్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి మీటలు నొక్కాడు. "నూట పన్నెండు మగ్గాలు. ముప్ఫైనాలుగు రోజుల్లో పూర్తి అంటోంది. చూడండి, మెషీన్ చెప్పిన మాట!"

తెర వెనక నాంచారమ్మ వింది. పొగాకు మొదలైతే మగ్గాల్లో సగానికి పైగా మూగబోతాయి. ఆయనకది తెలియదు, మెషీన్‌కీ తెలియదు. ఆమె తడిచేతులు కొంగుకి తుడుచుకుని, ఎప్పుడూ లేనిది, ఆ గది తలుపు దాకా వెళ్ళింది. "ఏమండీ, ఒప్పుకోకండి. పొగాకు కంపెనీ తెరుస్తున్నారు, కండెలు చుట్టేవాళ్ళు ఉండరు."

పానకాలుగారి మొహం ఎర్రబడింది. అలీ సాహెబ్ మర్యాదగా నేల చూశాడు.

"నిన్నెవరు అడిగారు?" అన్నాడు పానకాలుగారు.

బూతు మాట కాదు, చేయెత్తడం కాదు. కానీ ఇరవై మూడేళ్ళుగా ఆమె ఆ ఇంట్లో నిలబడి ఉన్నదే 'అడగడం' అన్న ఆ ఒక్క మాట మీద. నాంచారమ్మ వెనక్కి వచ్చి, మాడుతున్న కూర దించింది.

ఆమె అన్నట్టే జరిగింది. మాఘం వెళ్ళేసరికి మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. మెషీన్ మాత్రం నూట పన్నెండు అనే అంటోంది. పానకాలుగారు సైకిలేసుకుని ఊళ్ళన్నీ తిరిగి, నేతగాళ్ళ మీద అరిచి, గొంతు పోగొట్టుకుని వచ్చాడు. వచ్చి, ప్రశ్నలు ఆగిపోయిన రెండు నెలల పది రోజుల తర్వాత, వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమే... ఏం చేద్దాం?"

నాంచారమ్మ ఒళ్ళంతా ఒక్కసారి వెచ్చబడింది. ఆ సంతోషానికి తనకే రోత పుట్టింది. మనిషి మునిగిపోతుంటే తనకి పండగయిందా? జవాబు నాలుక చివరే ఉంది. ఎవరెవరు పొగాకుకి పోయారు, ఎవరు పోలేదు, ఎవరు దేనికైతే వెనక్కొస్తారు, అన్నీ. ఇంకో ఆలోచన కూడా వచ్చింది, దాచడమెందుకు. రోజుకి రెండు పేర్లే చెబితే? ఇవాళ ఇద్దరు, రేపు ఇద్దరు. వైశాఖం దాకా ఆయన రోజూ ఈ గుమ్మానికి వస్తాడు. రోజూ "ఏమే" అంటాడు. మొత్తం ఒక్కసారే చెప్పేస్తే, అదే ఆఖరిది. ఆ తర్వాత తన దగ్గర ఆయనకి కావలసింది ఏమీ ఉండదు.

దుమ్ములో దగ్గుతూ, తన పేరు ఎప్పుడు పిలుస్తారా అని వరసలో నిలబడే రమణమ్మ గుర్తొచ్చింది.

"ఇక్కడ చెప్పను. జయరావుగారిని పిలిపించండి. ఆ గదిలో కూర్చుని చెబుతాను. మీరూ ఉండండి" అంది.

ఆయన నోరు విప్పబోయాడు. అలీ సాహెబ్ గడువు గుర్తొచ్చి మూసుకున్నాడు. మర్నాడు జయరావు కుర్చీ చూపిస్తే నాంచారమ్మ దాని అంచు మీద కాక, నిండుగా కూర్చుంది. రెండున్నర గంటలు చెప్పింది. రోశయ్య మగ్గానికి రమణమ్మ, కూలి తన చేతికిస్తే రేపే వస్తుంది. వాళ్ళ పక్కింట్లో ప్రేమమ్మ, పొగాకు పడదు, ఊపిరాడదు, ఇంటికి నూలు పంపితే ఇద్దరి పని చేస్తుంది. నూట పన్నెండు పేర్లు, ఒక్కటీ ఫలానావాడి పెళ్ళాం అని కాదు. కండెలకి విడిగా కూలి కట్టాలి, ఆ కూలి ఆడవాళ్ళ చేతికే ఇవ్వాలి, లేకపోతే ఎవరూ రారు అంది. పానకాలుగారు తలూపాడు. జయరావు కొత్తగడిలో ఎక్కిస్తూపోయాడు.

డెబ్భైమంది దాకా పొగాకు మానేసి వచ్చారు. చీరలు గడువు దాటిన వారానికి చేరాయి. అలీ సాహెబ్ సణిగాడు గానీ తీసుకున్నాడు. పానకాలుగారి మెషీన్ పొగాకునే ఓడించిందని బజారు చెప్పుకుంది.

ఆ ఆర్డర్ పోయిన మర్నాడు మధ్యాహ్నం, ఆయన అన్నం తిని చేయి కడుక్కుంటుండగా నాంచారమ్మ అడిగింది. ఇరవై మూడేళ్ళలో ఆయన్ని ఏదైనా అడగడం ఆమెకదే మొదలు.

"ఇప్పుడు మెషీన్‌కి అన్నీ తెలుసు కదా. నన్ను అడగడానికి ఏమీ లేని రోజున కూడా ఈ గుమ్మం దాకా వస్తారా?"

పానకాలుగారు తువ్వాలుతో చేయి తుడుచుకుంటూ ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "అడగడానికేం లేకపోతే ఎందుకొస్తానే?" అన్నాడు. వెటకారం లేదు, కోపం లేదు. లెక్క అడిగితే లెక్క చెప్పినంత అమాయకంగా చెప్పి, ఏసీ గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు.

నాంచారమ్మ ఏడుపొస్తుందేమోనని చూసింది, రాలేదు. ఇన్నేళ్ళూ జవాబులన్నీ తనే చెప్పింది. ఆయన చెప్పింది ఇదొక్కటే, అదీ నిజమే చెప్పాడు.

తను అన్నం పెట్టుకుని తినేసింది. జుట్టు దువ్వుకుని, ముందు వసారాలోంచి, అందరూ చూస్తుండగా మెట్లు దిగి రిక్షా పిలిచింది. ఆ ఆడవాళ్ళంతా పదిహేనేళ్ళుగా తన గడపకి వచ్చారే తప్ప, ఒక్కరి ఇల్లూ తను చూడలేదు.

"ఎక్కడికమ్మా?" అన్నాడు రిక్షావాడు.

"ఈపూరుపాలెం. రమణమ్మ ఇంటికి."

"పనుందా అమ్మా?"

"ఏం లేదు" అంది నాంచారమ్మ. "ఊరికే."